అంగుళానికి అరడుగు

ఏప్రిల్ 6

తమ్ముడికి,

నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. మీ బావ మోకాలు ఇంకా సర్దుకోలేదు. నోరు మాత్రం బాగానే ఉంది. ఉద్యోగమంతా బస్సులో టికెట్, టికెట్ అని అరిచిన మనిషి కదా, రిటైరయ్యాక అరవడానికి నేనొక్కదాన్నే దొరికాను.

నీకు ఫోనులో మాట వినపడటం మానేశాక మళ్లీ ఉత్తరాలకి వచ్చాం. నా చేతిరాత చూసి నవ్వకు. గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు తప్ప ఈ మధ్య నేనేం రాస్తున్నాను గనక.

మా వీధిలో పళ్ల డాక్టరు గారి బోర్డు నిన్న దించేశారు. ఈ వీధిలో నువ్వు రాసినవాటిలో అదే ఆఖరిది. ఇప్పుడక్కడ ఫ్లెక్సీ కట్టారు, ఎవరో అమ్మాయి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. పాత రేకు నాకివ్వమని అడుగుదామని వెళ్లేసరికి పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు.

ఇక అసలు సంగతి. కొలతలివ్వడానికి వచ్చే తల్లుల వెంట పిల్లలు వస్తారు కదా. వాళ్లు నా సూదుల జోలికి పోకుండా ఉండాలని ఒక కథ చెబుతుంటాను. ఒక బాతుకి పిల్ల తప్పిపోతుంది. వెతుక్కుంటూ బజారుకొస్తుంది. దానికి చదువు రాదు, బోర్డుల మీద బొమ్మలే చూస్తుంది. పళ్ల డాక్టరు బోర్డు మీది పన్ను చూసి గుడ్డనుకుంటుంది. తాళాల షాపు మీది తాళంచెవి చూసి, నా పిల్లని ఇక్కడే పెట్టి తాళం వేశారంటుంది. కళ్లజోళ్ల షాపు బోర్డు చూసి, ఇంత పెద్ద కళ్లున్నాయి, నా పిల్లని చూశావా అని అడుగుతుంది. దర్జీ కొట్టు మీది కత్తెర దానికి నోరు తెరిచిన బాతులా కనబడుతుంది. చివరికి దాణా కొట్టు దగ్గర పిల్ల దొరుకుతుంది. అక్కడ పెయింటరు కొత్త బోర్డు మీద తెల్ల బాతుని వేస్తున్నాడు. పిల్ల దాన్నే తల్లి అనుకుని కింద కూర్చుంది. దిగితే పిల్ల బెదిరి పారిపోతుందని ఆ పెయింటరు తల్లి వచ్చేదాకా నిచ్చెన మీదే ఉండిపోయాడు. ఇంతే కథ.

ఇది పుస్తకంగా వేయిద్దామనుకుంటున్నాను. ప్రెస్సాయనతో మాట్లాడాను. పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీలు వస్తాయట, మనం గుడ్డ మడిచి కత్తిరించినట్టే. ఒక పక్క మాటలు, ఒక పక్క బొమ్మ. ఎనిమిది బొమ్మలు కావాలి. నువ్వే వెయ్యాలి. పేజీ ఎంతుంటుందో అంత కాగితం కత్తిరించి ఇందులో పెట్టాను. ఈ కాగితం కొలతకి వెయ్యి. ఖర్చు సంగతి నువ్వడక్కు.

మీ బావ అంటున్నారు, మీ కుంచెగాడు బాతుని వేస్తే లారీ మీద ఏనుగులా ఉంటుందని. పట్టించుకోకు.

నీ జవాబు కోసం గుమ్మంలో ఉంటాను,
అక్క

*

ఏప్రిల్ 19

అక్కకి,

ఉత్తరం అందింది. కాగితం కూడా అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. గోడౌన్‌లో ధాన్యం నిండుగా ఉంది, ఎలుకలు కూడా బాగున్నాయి. పగలంతా గేటు దగ్గర కుర్చీ, సాయంత్రం గేటు పక్క గది. కాపలావాడి బతుకు మంచిదే. ఎక్కడం దిగడం లేదు.

కథ చదివాను. కొన్ని సంగతులు అడగాలి.

బాతు ఒంటరిగా రోడ్డు దాటదు. అవి గుంపుగా పోతాయి. పన్నుని గుడ్డనుకోవడం బాగుంది, కాకపోతే ఆ పన్నుకి కింద రెండు వేళ్లుంటాయి. వేళ్లున్న గుడ్డు ఏ బాతు పెట్టింది? కింద భాగం గోడ చాటుకి పోయేలా వేస్తే కుదురుతుంది.

పెయింటరు అక్కర్లేదు. బోర్డు రాసేవాడు బోర్డులో ఉండడు. మూల పేరు వేసుకుంటాడు, అంతే. పైగా రంగు ఆరిపోతుంటే ఏ పెయింటరూ పిల్ల బెదురుతుందని నిచ్చెన మీద కూర్చోడు. ఇది నువ్వెక్కడి నుంచి తెచ్చావో నాకు తెలుసు. ఆ రోజు అక్కడున్నది బాతుపిల్ల కాదు, కోడిపిల్ల. నేను దిగకపోవడానికి కారణం నిచ్చెన కాలు వదులైంది. మేకు తెచ్చేదాకా ఆగాను.

ఇంకొక మాట. నాకు పని లేదని నువ్వు పని కల్పిస్తుంటే వద్దు. ఫ్లెక్సీలు వచ్చి చాలా కాలమైంది. నేను అలవాటు పడ్డాను.

నిజంగా పుస్తకానికే అయితే, కుంచెలు ఇంకా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వెంట్రుకలు రాలలేదు. నీ కాగితం మీద గళ్లు గీసి చూశాను. చూస్తాను.

బావగారికి చెప్పు, ఏనుగుని వేయడం తేలిక, బాతు మెడ కష్టం.

నీ తమ్ముడు

*

మే 2

తమ్ముడూ,

నీకు పని కల్పించడానికి నేనేమన్నా ఎంప్లాయిమెంటు ఆఫీసా? పుస్తకానికి బొమ్మలు కావాలి, బొమ్మలు వేసేవాడు మా ఇంట్లో పుట్టాడు. ఇంకొకరిని అడిగితే నలుగురూ నవ్వరా? ఇందులో జాలీ లేదు, గీలీ లేదు. నువ్వు ప్రతిదానికీ వెనక ఏముందో అని తిరగేసి చూస్తావు. నేను లైనింగు వేయలేదు, తిరగేసినా ఒకటే.

బాతు తెల్లది. అమ్మ పెంచింది గుర్తుందా, నీ నిక్కరు పట్టి లాగేది, అది. గుంపు వద్దు, ఒక్కటే. పిల్ల తప్పిపోయిన తల్లి గుంపు కోసం ఆగుతుందా? పన్ను వేళ్ల సంగతి నీ ఇష్టం.

పెయింటరు ఉండాలి. మేకు కథ నాకు చెప్పకు. మేకు తెచ్చినవాడు మీ బావే. తెచ్చాక కూడా నువ్వు దిగలేదట.

ప్రెస్సాయన ఒకటి చెప్పాడు. ఈ నెలాఖరుకి బొమ్మలు చేతికిస్తే బడులు తెరిచేలోపు పుస్తకం వస్తుంది. ఆ తర్వాత ఆయనకి నోటు పుస్తకాల పని మీద పడుతుంది, మన మొహం చూడడు. అందుకని త్వరగా.

మరదలు వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిందని విన్నాను. ఆవిడకి ఒంట్లో ఎలా ఉందో రాయి. నువ్వు వండుకుంటున్నావా, అటుకులు నములుతున్నావా?

కోపంగా కాదు, తొందరగా రాసిన
అక్క

*

మే 14

అక్కకి,

అత్తగారు మంచం మీదే ఉన్నారు. నీ మరదలు ఇంకో నెలదాకా రాదు. వండుకుంటున్నాను. ఆమె లేకపోవడమే నయం, ఉంటే ఈ టర్పెంటైన్ వాసనకి డబ్బాలతో పాటు నన్నూ బయట పెట్టేది.

రేకులు దొరకడం కష్టమైంది. గోడౌన్ పైకప్పు మార్చినప్పుడు తీసిన పాత రేకులు వెనక పడి ఉన్నాయి. ఓనరుని అడిగితే తీసుకోమన్నాడు. సాపు చేయించి, ఉప్పుకాగితంతో తుప్పు గీకడానికే వారం పట్టింది. మొదటి రోజు గీత తాగుబోతులా నడిచింది. తుడిచేసి మళ్లీ గీశాను. మూడో నాటికి చేతికి గుర్తొచ్చింది.

పళ్ల డాక్టరు బోర్డు అయింది. తాళాల షాపుది ఆరుతోంది. కళ్లజోళ్ల షాపుకి గళ్లు గీశాను. ఒక్కోటి రెండు పూతలు. ఎండ బాగా ఉంది కాబట్టి త్వరగానే ఆరుతున్నాయి. తెల్లరంగు డబ్బా అప్పుడే అడుగంటింది.

పని తొందరపెడితే చెడుతుంది. నీకు తెలియనిది కాదు.

గోడౌన్ గుమస్తా నా వెనక నిలబడి చాలాసేపు చూసి, ఏదో అని పోయాడు. ఏమన్నాడో వినపడలేదు. మొహం బాగానే ఉంది.

తమ్ముడు

*

మే 22

తమ్ముడికి,

నీకు మళ్లీ బోర్డు పని దొరికిందని చదివి మీ బావకి రెండుసార్లు వినిపించాను. పళ్ల డాక్టరు, తాళాల షాపు, కళ్లజోళ్లు, అన్నీ ఒకేసారా! ఆ ఊళ్లో వాళ్లకి ఇంకా కళ్లున్నాయన్నమాట. చాలా సంతోషం. మనస్ఫూర్తిగానే అంటున్నాను.

కానీ నా బాతు గురించి ఒక్క ముక్క లేదేమిటి? ఉత్తరం వెనక కూడా తిప్పి చూశాను. గిరాకీ వచ్చినప్పుడు అక్క పని వెనక్కి పోతుంది, సహజమే. నేనూ పండగ ముందు మన ఇంటి బట్టలు ఆఖరున కుడతాను. కాకపోతే కుట్టనని ముందే చెబుతాను. నువ్వు చెప్పకుండా ‘పని తొందరపెడితే చెడుతుంది’ అని నాకే నీతి చెప్పావు.

ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి ఉంది. బొమ్మలు తను ఒక్క రోజులో చేసిస్తానంటోంది. మా తమ్ముడు వేస్తాడని చెప్పి ఆపాను. నెలాఖరుదాకా చూస్తాను. అవుననో కాదనో ఒక్క కార్డు ముక్క రాయి. ఫోను చేద్దామంటే మరదలు అక్కడ లేదాయె. నీ నెంబరు మోగి మోగి ఆగిపోతోంది. ట్రంకుపెట్టెలో పడేశావా?

జవాబు అడుగుతున్న
అక్క

*

జూన్ 4

తమ్ముడికి,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. కాదనడానికి మొహమాటపడుతున్నావని అర్థం చేసుకున్నాను. అందులో తప్పేం లేదు. పిల్లల కథ, అదీ దర్జీ పని చేసే మనిషి అల్లింది. నీ చేతిలో నిజమైన పని ఉండగా దీని మీద కూర్చోమనడం నాదే అత్యాశ.

బొమ్మలు ప్రెస్సు అమ్మాయి చేసింది. నమూనా పేజీ ఒకటి ఇందులో పెడుతున్నాను. పసుపుపచ్చ బాతు. తెల్లది అడిగాను, తెల్ల కాగితం మీద తెల్ల బాతు కనపడదంది. నిజమేనేమో. పెయింటరుకి టోపీ పెట్టింది. అట్టలు అచ్చయిపోయాయి. లోపలి పేజీలు వచ్చే వారం.

మీ బావ ఆ పేజీ చేత్తో పట్టుకుని చూసి బల్ల మీద బోర్లా పెట్టేశారు. అది నాకు నచ్చలేదు.

నీ బోర్డులు బాగా రావాలి.

అక్క

*

జూన్ 12

అక్కకి,

నీ ఉత్తరాలు రెండూ నాకు ఒకేరోజు అందాయి. మొదటిది తూకం చీటీల కట్టలో కలిసిపోయి గుమస్తా సొరుగులో ఉండిపోయింది. పాపం చాలా నొచ్చుకున్నాడు.

నమూనా చూశాను. బాతు చక్కగా ఉంది. కళ్లకి అంత పొడుగు వెంట్రుకలున్న బాతుని నేను చూడలేదు. నేను చూడనివి చాలా ఉంటాయి.

ఒక్క విషయం సరిచేయాలి. నాకు బోర్డు పనేమీ దొరకలేదు. ఈ ఊళ్లో పళ్ల డాక్టరు లేడు. పన్ను నొప్పొస్తే బస్సెక్కి పోతాం. అవి నీ కథలోవి. పన్ను, తాళంచెవి, కళ్లజోడు, కత్తెర, అన్నీ అయ్యాయి. బాతు కూడా అయింది, తెల్లదే. వెనక నీలం వేస్తే తెలుపు కనబడుతుంది. మెడ నాలుగుసార్లు చెరిపాను. ఏడు రేకులు పూర్తయ్యాయి. పెయింటరు దగ్గర ఆగాను. వేయాలా వద్దా అని తేలక.

ఇప్పుడు తేలిపోయింది కాబట్టి మంచిదే. రేకులు గోడ వైపు తిప్పి పెట్టాను. ఓనరు కోళ్ల షెడ్డు కడుతున్నాడు, కప్పుకి రేకులు చాల్లేదట. ఇచ్చేస్తానన్నాను. ఆయన రేకులే కదా.

ఫ్లెక్సీ వచ్చినప్పుడు నేనెవరినీ ఏమీ అనలేదు. నీ పుస్తకానికి కూడా వస్తుందనుకోలేదు. అంతే.

కుంచెలు కడిగి పెట్టాను. బావగారి మోకాలికి ఆవనూనె రాయమను.

తమ్ముడు

*

జూన్ 16

ఒరేయ్,

ఆ రేకులు ఎవరికీ ఇవ్వకు. కోళ్లు వానలో తడిస్తే తడవనీ.

ప్రెస్సుకి పోయి అచ్చు ఆపించాను. ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాం. మీ బావ కండక్టరుకి తన పాత ఉద్యోగం కార్డు చూపిస్తానంటున్నారు, ఆ అవమానం కూడా పడతాను.

అన్నం ఎక్కువ వండు.

అక్క

*

జూన్ 25

తమ్ముడికి,

మేం క్షేమంగా చేరాం. దారంతా మీ బావ కిటికీలోంచి కనబడ్డ బోర్డులన్నీ చూస్తూ వచ్చారు. బస్సు దిగాక అన్నారు, “ఏనుగు అన్నాను, తక్కువ చెప్పాను” అని.

ఇన్ని రోజులైనా ఆ గోడౌన్ గోడ నా కళ్లల్లోంచి పోవడం లేదు. నువ్వు ఒక్కొక్క రేకూ తిప్పుతుంటే నాకు మొదట నవ్వొచ్చింది. మీ బావ అంత పొడుగు మనిషి కదా, ఆయన పక్కన నిలబెడితే బాతు భుజం దాకా వచ్చింది. నేను పేజీ అంత కాగితం పంపితే నువ్వు దాన్ని నమూనా అనుకుని గళ్లు గీసి, అంగుళానికి అరడుగు లెక్కన పెంచావు. “ఎవరు కాగితం ఇచ్చినా పెంచి రాయడమే కదా నా పని, ఇంత చిన్న కాగితం మీద బొమ్మ ఎవరు వేయిస్తారు?” అన్నావు. నిజమే, నీకు అరచేతిలో బొమ్మ వేయడం ఎవరు నేర్పారు? నేనైతే ఈ కాగితం కొలతకి అని రాసి ఊరుకున్నాను. మా పనిలో కొలత అంటే కొలతే. నీ పనిలో కొలత అంటే మొదలు.

ప్రెస్సాయనకి చెబితే నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, ఎంత పెద్ద బొమ్మనైనా ఫోటో తీసి పేజీకి దించొచ్చు, పెద్దది చిన్నదైతే గీత ఇంకా పదునుగా ఉంటుందని తనే అన్నాడు. కాకపోతే నీది నిగనిగలాడే ఎనామెల్ కదా, ఎండలో ఫోటో తీస్తే అద్దంలా మెరుస్తుందట. మబ్బు పట్టిన రోజు చూసి ఫోటో తీసేవాణ్ని పంపిస్తానన్నాడు. నోటు పుస్తకాల పని నడుమ ఎప్పుడు వీలైతే అప్పుడే వేస్తాడు. బడులు తెరిచేశారు, పోనీ.

నువ్వు నన్నొకటి అడిగావు, బస్సు వచ్చేసింది, చెప్పలేకపోయాను. నీ బొమ్మలే ఎందుకని. ఇప్పుడు రాస్తున్నాను. ఈ కథ మొదట్లో చెప్పినప్పుడు నీ బోర్డులన్నీ వీధిలోనే ఉండేవి. పిల్లలు విని బయటికి పోయి ఒక్కొక్కటీ చూసుకుంటూ ఇంటికెళ్లేవాళ్లు. పన్ను దగ్గర ఆగి “గుడ్డు, గుడ్డు” అనేవాళ్లు. తర్వాత ఒక్కోటీ దిగిపోయింది. ఇప్పుడు చెబితే “ఏ పన్ను?” అంటున్నారు. కథ ఉంది, వీధి లేదు. అందుకని.

ఎనిమిదో రేకు పూర్తి చెయ్యి. పెయింటరుని ఎలా వేస్తావో నేనడగను. కానీ ఉండాలి. వాడు దిగిపోతే పిల్ల పోతుంది.

ఇంకొకటి. ఫోను ట్రంకుపెట్టెలోంచి తీసి గుమస్తా బల్ల మీద పెట్టు. మోగితే ఆయన చూస్తాడు, చెప్పి వచ్చాను.

నీ అన్నంలో రాళ్లున్నా రెండోసారి వడ్డించుకున్న
అక్క

*

జూలై 11

అక్కకి,

ఫోటో తీసేవాడు మొన్న వచ్చాడు. మబ్బు బాగా పట్టింది. అన్నీ బయట గోడకి నిలబెట్టాం. ఆఖరిది తీస్తుండగా చినుకులు పడ్డాయి, గుమస్తా గొడుగు పట్టాడు. బొమ్మకి, నాకు కాదు.

నీ మరదలు వచ్చింది. అత్తగారు లేచి తిరుగుతున్నారు. గది చూసి నన్ను తిట్టింది, రేకులు చూసి ఆగింది. పిల్లకి ఇంకాస్త పసుపు ఉండాల్సిందని అంది. ఉండాల్సిందే. అప్పటికి డబ్బా అయిపోయింది.

ఎనిమిదోది వేశాను. చూసి తిట్టకు. నాకు చేతనైనది అంతే. మొహం వేద్దామని కూర్చున్నాను, ఎవరి మొహమో తెలియలేదు. అద్దం తెచ్చుకుని వేసేంత సిగ్గులేనివాణ్ని కాదు.

ఒక పొరపాటు జరిగింది. ప్రతి రేకు మీద కింద కుడి మూల ‘కుంచె’ అని వేసి ఫోను నెంబరు రాసేశాను. చెయ్యి అలవాటు. ఫోటో తీసేవాడు చూపించేదాకా నాకే తెలియదు. పుస్తకంలో అవి ఉండవు కదా. చెరిపేయమని ప్రెస్సాయనతో చెప్పు.

తమ్ముడు

*

సెప్టెంబరు 2

తమ్ముడికి,

పుస్తకం వచ్చింది. విడిగా ఇరవై పంపిస్తున్నాను, ప్లాస్టిక్ కవరు చుట్టాను.

ప్రెస్సులో పిన్నులు కొడతామన్నారు. పిల్లల వేళ్లకి గుచ్చుకుంటాయని వద్దన్నాను. మడత పెట్టిన కాగితాలు ఇంటికి తెచ్చుకుని నా మిషను మీదే కుట్టాను. లావు సూది, కుట్టు పొడుగు. మొదట్లో సూదులు విరిగాయి, తర్వాత కాగితం దారికొచ్చింది. మడతలు మీ బావే సరిచేశారు. టికెట్లు చింపిన వేళ్లు కదా, అంచు తప్పలేదు. వెన్ను మీద ఎర్ర దారం ఉంటుంది చూడు. కొన్నిటికి నీలం. ఎర్ర ఉండ అయిపోయింది.

పసుపు బాతు అట్టలన్నీ నా దగ్గరే ఉన్నాయి. వెనక తెల్లగా ఉంది, జాకెట్ మెడల నమూనాలు కత్తిరించుకుంటున్నాను. ఆ అమ్మాయి తప్పేం లేదు, తనకి తెలిసిన బాతు అది. మాటలు పేర్చింది కూడా తనే. ఒక పుస్తకం ఇస్తే నీ బాతుని చూసి, “దీని మెడ ఎంత బావుందండీ” అంది.

మూల నెంబరు తీసేయడం రెండు నిమిషాల పనన్నాడు ప్రెస్సాయన. వద్దన్నాను. అవి బోర్డులు. బోర్డు మీద రాసినవాడి నెంబరు ఉంటుంది. నువ్వు కోప్పడితే పడు.

ఆఖరి పేజీ. నేను తిట్టను. నిచ్చెన, కింద వదిలిన చెప్పులు, పైన మెట్టు మీద రెండు కాళ్లు. పేజీ అక్కడితో అయిపోయింది. మీ బావ చూసి, ఎడమ మడమ మీద పగులు కూడా వేశాడు చూశావా అన్నారు. నేను అప్పటికే చూశాను.

నిన్న ముగ్గురు పిల్లలు వచ్చారు. చదివాను. కథ అయ్యాక కాళ్ల మీద వేలు పెట్టి ఎవరివని అడిగారు. నేను చెప్పలేదు. నాకు తెలియదన్నాను. అది నువ్వు చెప్పాల్సిన మాట, నేను చెప్పేది కాదు.

అందరికీ పేరుపేరునా అడిగానని చెప్పమనే
అక్క

*

సెప్టెంబరు 20

అక్కకి,

పుస్తకాలు అందాయి. తడవలేదు. కుట్టు గట్టిగా ఉంది. అక్షరాలు మాత్రం మరీ చిన్నవి వేశారు. రోడ్డు అవతల నుంచి చదవలేం.

నీ మరదలు ఒకటి వాళ్లమ్మకి పంపింది. గుమస్తా రెండు తీసుకున్నాడు. మనవరాలికి ఒకటి అన్నాడు, రెండోది ఎవరికో చెప్పలేదు.

రేకులు పోలేదు. ఓనరు షెడ్డుకి కప్పు కాకుండా రోడ్డు వైపు గోడగా కొట్టించాడు, బొమ్మలు బయటికి కనబడేలా. పోయేవాళ్లు సైకిళ్లు ఆపి చూస్తున్నారు. వరుస తప్పు కొట్టారు. తాళంచెవి ముందొచ్చి పన్ను తర్వాతొచ్చింది. మార్చమని చెప్పాను. మేకులు తీయాలి, వచ్చే వారం అన్నారు.

నెంబరు ఉంచినందుకు కోపం వచ్చింది. నిన్నటిదాకా ఉంది.

నిన్న మధ్యాహ్నం గేటు దగ్గర కూర్చున్నాను. గుమస్తా ఫోను పట్టుకుని వచ్చాడు. తూకం చీటీ వెనక రాసి చూపించాడు. “ఎవరో పాప. పుస్తకం చూసి చేసింది. నిచ్చెన మీద కాళ్లు ఎవరివి అంటోంది.”

పెయింటరువి అని చెప్పమన్నాను. చెప్పాడు. మళ్లీ రాశాడు. “ఏ పెయింటరు అంటోంది.”

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. అటు పక్క పాప ఆగి ఉంది. నావే అని చెప్పమన్నాను.

అది చెప్పి గుమస్తా ఫోను తెచ్చి నా చెవికి ఆనించాడు. నాకేమీ వినపడలేదు. అయినా పాప పెట్టేసేదాకా కదలకుండా కూర్చున్నాను.

తమ్ముడు